పుల్లల కట్టలు, పొడుపు కథలు: ప్రాథమిక తరగతుల పిల్లల గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తాడు. ‘పక్క నుంచి అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా మర్నాటికి మళ్లీ అదే తప్పు. ఇంట్లో ఏం చేయించమంటారు?
– ఒక తల్లి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఇది పరాకు వల్ల వచ్చే తప్పు కాదమ్మా. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేస్తున్నాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడం మొదటి తరగతి నుంచీ అలవాటైపోయింది. 52 లోని 5 అంటే ఐదు పదులన్న సంగతి ఇంకా మనసుకెక్కలేదు. అది ఎక్కనిదే అప్పు మాట ఎంత చెప్పినా నిలవదు.

కొబ్బరి ఈనెల చీపురులోంచి ఈనెలు తీసి, మొనలు కోసేసి, వేలెడంత ముక్కలు ఓ అరవై చేయండి. రబ్బరు బ్యాండ్లు ఆరు చాలు. పదేసి లెక్కపెట్టి కట్టలు కట్టే పని మాత్రం బాబుదే. పెద్దవాళ్లు తొందరపడి కట్టి ఇచ్చేస్తే సగం పాఠం అక్కడే పోతుంది. తన చేత్తో కట్టినదైతేనే, ఆ కట్టలో పది ఉన్నాయని అనుమానం లేకుండా విప్పుతాడు.

ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టించి, 27 ఇవ్వమనండి. విడివి ఏడు కావాలి, ఉన్నవి రెండే. ఇక్కడ మీరు మాట్లాడకండి. కాసేపు చూసి తనే ఒక కట్ట విప్పుతాడు. అప్పుడు కట్టలు 4, విడివి 12. ఏడు ఇస్తే 5 విడివి, రెండు కట్టలు ఇస్తే 2 కట్టలు మిగులుతాయి. మొత్తం 25. మూడు రోజులు కాగితం ముట్టనివ్వకండి. నాలుగో రోజు నుంచి, కట్ట విప్పగానే కాగితం మీద 5 కొట్టేసి 4, 2 ఉన్నచోట 12 అని రాయించండి. చివర 25కి 27 కలిపి 52 వచ్చిందో లేదో తనే చూసుకోవాలి. 40 లోంచి 16 లాంటి సున్నా లెక్కలు ఆఖర్న ఇవ్వండి. విడి పుల్ల ఒక్కటీ లేక పిల్లలు ఎక్కువ తికమకపడేది వాటితోనే. చింతపిక్కలు కూడికలకు బాగుంటాయి గానీ కట్ట కట్టలేం కదా, ఈ పనికి వద్దు.

ప్రశ్న: మా బడి పిల్లల తల్లులు చాలామంది మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తారు. ‘మాకు చదువు రాదు టీచరమ్మా’ అంటారు. సీజన్‌లో మీటింగులకూ రారు. వాళ్లను ఎలా కలుపుకోవాలి?
– ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: చదువు రాని తల్లికి చదివించే పని ఇస్తే ఆమె సిగ్గుపడి దూరమవుతుంది. ఆమెకు వచ్చింది అడగండి. ‘ఈ రాత్రి అమ్మనడిగి ఒక పొడుపు కథ తెచ్చుకోండి’ అని రెండో తరగతి పిల్లలకు చెప్పండి. ‘కిటకిట తలుపులు, కిటారు తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ లాంటిది ప్రతి ఇంట్లో ఒకటి దొరుకుతుంది. మర్నాడు పిల్లలు దాన్ని చెప్పాలి, తర్వాత రాయాలి. చాలామంది ‘చపుడు’ అని రాస్తారు, ఒత్తు చెవికి పట్టదు. ‘చప్–పుడు’ అని రెండు ముక్కలుగా చప్పట్లతో పలికిస్తే పడుతుంది. ఎర్ర సిరాతో మాత్రం దిద్దొద్దు, ఆ కాగితం అమ్మ దగ్గరికి తిరిగి వెళ్లాలి. సాయంత్రం బిడ్డ దాన్ని వేలు పెట్టి చదువుతుంటే అమ్మ వింటే చాలు. ఆమె చెప్పిన మాటలే గనుక, ఎక్కడైనా తప్పు చదివితే అక్షరాలు రాకపోయినా పట్టేస్తుంది.

ఫిబ్రవరి నుంచి మీటింగు ఉదయం పదకొండుకు పెడితే వాళ్లకు ఆ పూట కూలి పోతుంది. సాయంత్రం పని వదిలాక పెట్టండి. వాట్సాప్‌లో టైపు చేయకుండా అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి.

ప్రశ్న: ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో ఉన్నాను. సంతకాలు తప్ప మాకేం పని?
– ఒక తండ్రి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధుల ఖర్చు చూడడం కమిటీ పనులే. కాబట్టి ఈసారి కూర్చున్నప్పుడు రెండు అడగండి: ప్రతి తరగతిలో తెలుగు పేరా తడుముకోకుండా చదివేవాళ్లు ఎంతమంది? పిల్లలు ఇంటికి పట్టుకెళ్లే కథల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి, వాటిలో బీరువాలో తాళం వేసి ఉన్నవెన్ని?