పన్నెండు మందికే నిండే హాలు: లెక్క ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఆటిజం ఉంది. బాబుకు పదేళ్లు, కాస్త గట్టి శబ్దం వినిపిస్తే చెవులు మూసుకుంటాడు. పాపకు ఏడేళ్లు, ఊగకుండా, గెంతకుండా ఉండలేదు. మామూలు ఆటస్థలాలకు వెళ్లిన ప్రతిసారీ పది నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తున్నాం. ఇలాంటి పిల్లల కోసం మేమే ఒక ప్రశాంతమైన ఆటల హాలు పెట్టాలనుకుంటున్నాం. పిల్లల్ని చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది. మా వారు కూడా మానేసి ఇందులోకి వస్తానంటున్నారు. దాచుకున్న డబ్బు సరిపోకపోతే ఇల్లు తాకట్టు పెట్టవచ్చా?

జవాబు: ఇల్లు తాకట్టు పెట్టకండి. మీ వారిని ఇప్పుడే ఉద్యోగం మానేయనివ్వకండి. మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు, ఈ రెండూ చేజారితే మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం. కానీ హాలు ఆలోచన వదులుకోవద్దు. పది నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తున్న కుటుంబం మీదొక్కటే కాదు.

మామూలు ఆటల హాలు జనంతో నిండితేనే నడుస్తుంది. మీ హాలు జనం తక్కువగా ఉంటేనే పనికొస్తుంది. మీ లెక్కంతా మారిపోయేది ఇక్కడే. ముప్పై మంది పట్టే హాలు తీసుకున్నారనుకుందాం. రోజుకు మూడు విడతలు, నెలకు 22 రోజులు నడిపితే మామూలు యజమాని 1,980 టికెట్లు అమ్ముకోవచ్చు. మీరు విడతకు 12 మందినే రానిస్తే 792. అందులోనూ, రాత్రి సరిగ్గా నిద్రపోలేదనో, దారిలో ఏదో శబ్దానికి బెదిరిపోయారనో ఆఖరి నిమిషంలో రాలేని పిల్లలు ఉంటారు. ఆ సంగతి మీకంటే బాగా ఎవరికి తెలుసు? నూటికి అరవై మందే వస్తారనుకుంటే 475 టికెట్లు. అద్దె, కరెంటు మాత్రం ముప్పై మంది హాలువే. జీతాలు ఇంకా ఎక్కువే కావచ్చు, ఎందుకంటే ఈ పిల్లల దగ్గర మనిషి ఎప్పుడూ ఉండాలి. నిండిన హాలుతో పోలిస్తే ఒక్కో టికెట్ మీద పడే ఖర్చు నాలుగు రెట్లు దాటిపోతుంది.

ఆ భారమంతా ఫీజులో వేస్తే ఇప్పటికే థెరపీలకు డబ్బు కడుతున్న తల్లిదండ్రులు రాలేరు. అందుకే టికెట్ల మీదే ఆధారపడకండి. పిల్లలు బడిలో ఉండే వేళల్లో హాలు ఖాళీగానే ఉంటుంది కదా, ఆ గంటలు ఆక్యుపేషనల్ థెరపిస్టులకు, ప్రత్యేక పాఠశాలలకు నెలవారీ అద్దెకు ఇవ్వండి. కుటుంబాలకు నెల సభ్యత్వం పెట్టండి. రాలేకపోయిన రోజును ఇంకో రోజుకు మార్చుకోనివ్వండి. మీకు ఆదాయం నిలకడగా ఉంటుంది, వాళ్లకు డబ్బు పోయిందన్న బాధ ఉండదు.

హాలు అద్దెకు తీసుకునే ముందు మూడు నెలలు పరీక్షించి చూడండి. అమెరికాలోని ఏఎంసీ సినిమా హాళ్ల సంస్థ 2007లో ఆటిజం సొసైటీతో కలిసి సెన్సరీ ఫ్రెండ్లీ షోలు మొదలుపెట్టినప్పుడు కొత్త హాళ్లు కట్టలేదు. ఉన్న హాళ్లలోనే లైట్లు వెలిగించి ఉంచారు, సౌండు తగ్గించారు, పిల్లలు లేచి తిరిగినా, పాడినా అభ్యంతరం పెట్టలేదు. మీరూ ఏ డాన్స్ స్కూలునో, జిమ్‌నో వాళ్లకు పనిలేని వేళ చూసి గంటల లెక్కన అడగండి. వారానికి రెండు విడతలు చాలు. ఎంతమంది బుక్ చేశారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది మళ్లీ వచ్చారు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాయండి. నేను అరవై అన్నది ఊహించి చెప్పిన అంకె. దాని స్థానంలో మీ నోట్‌బుక్‌లోని అంకె పెట్టి లెక్క మళ్లీ వేయండి.

సామాను విషయంలో మీ ఇంట్లోనే పాఠం ఉంది. శబ్దం, వెలుతురు వంటివాటికి అతిగా స్పందించడం, లేదా బాగా తక్కువగా స్పందించడం, రెండూ ఆటిజం లక్షణాలేనని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం) చేర్చింది. మీ బాబుకు నిశ్శబ్దం కావాలి, పాపకు కదలిక కావాలి. ఇద్దరినీ ఒకే గదిలో పెడితే ఒకరికి నచ్చింది ఇంకొకరికి నరకమవుతుంది. కాబట్టి ముందు డబ్బు పెట్టాల్సింది ఒక చిన్న నిశ్శబ్దపు గదికి, ఆ తర్వాత లైట్లకు. పాత చోక్ ఉన్న ట్యూబులైట్లు కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుమంటాయి. చాలామంది కంటికి ఆ మినుకు తెలియదు, కొందరు పిల్లలు తట్టుకోలేరు. రంగురంగుల ఖరీదైన పరికరాలు తర్వాత చూసుకోవచ్చు. ఇంకో మాట, అద్దె హాలు గోడలకు పెట్టిన ఖర్చు ఖాళీ చేసిన రోజున అక్కడే ఉండిపోతుంది. నేలమీద నిలబడే సౌండ్ ప్యానెళ్లు, స్టాండు ఉన్న ఉయ్యాలలు, మందపాటి మ్యాట్లు అయితే వెంట తీసుకెళ్లవచ్చు, అమ్ముకోనూవచ్చు.

మీ జీతాన్ని మొదటి నెల నుంచే ఖర్చులో రాయండి. తీసుకోలేకపోయినా సరే, రాయండి. అది రాయకపోతే కనిపించే లాభం మీరు ఊరికే చేసిన చాకిరీ మాత్రమే. మీ పిల్లలకు బాగాలేని రోజున హాలు తలుపు తీసే మనిషి జీతం కూడా మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి. ఆ రోజులు తప్పకుండా వస్తాయి.

ఇప్పుడు మీరు దాచుకున్న డబ్బు సంగతి. ముందుగా థెరపీలతో కలిపి ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. మీ ఇద్దరి పేరునా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. నాకు సంపాదన లేదు కదా అనుకోవద్దు, మీరు చేసే పనికి మనుషుల్ని పెట్టుకోవాలంటే ఎంతవుతుందో ఒకసారి లెక్కేయండి. ఆ తర్వాత పిల్లలు పెద్దయ్యాక వాళ్ల సంరక్షణకు వేరే నిధి. ఈ మూడూ పోగా మిగిలిన దాంట్లోంచే వ్యాపారానికి. అది చిన్న మొత్తమైతే హాలు కూడా చిన్నదే. పిల్లల సంరక్షణ నిధిని నేరుగా వాళ్ల పేరున పెట్టే ముందు లాయరుతో మాట్లాడండి, ఎందుకంటే చాలా దేశాల్లో సొంత ఆస్తి పరిమితి దాటితే ప్రభుత్వ సాయం ఆగిపోతుంది. డబ్బును పిల్లల పేరున కాకుండా వాళ్ల కోసం విడిగా ఉంచే ప్రత్యేక ట్రస్టు అందుకే ఉంది. పిల్లలు రేపు ఈ హాలులోనే పని చేసుకుంటారని మీ మనసులో ఉండొచ్చు. నాకూ ఆ ఆశ నచ్చింది. అయినా వాళ్ల భవిష్యత్తు ఖర్చును ఆ ఆశ మీద పెట్టకండి.

హాలును పరిమిత బాధ్యత ఉన్న కంపెనీగా నమోదు చేయించండి, పిల్లలకు దెబ్బ తగిలితే వచ్చే బాధ్యతకు బీమా తీసుకోండి. బ్యాంకు వాళ్లు అప్పుకు పర్సనల్ గ్యారంటీ అడిగితే ఆగి ఆలోచించండి. ఆ సంతకంతో కంపెనీ అప్పు మీ ఇంటి గుమ్మం దాటి లోపలికి వస్తుంది.

చివరగా, ఎంత పోగొట్టుకుంటే ఆపేస్తారో ఒక అంకె, ఏ తేదీకి ఖర్చులు రాకపోతే ఆపేస్తారో ఒక తేదీ, హాలు తెరవకముందే మీరిద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. నష్టం మొదలయ్యాక ఆ అంకె గురించి ప్రశాంతంగా మాట్లాడుకోవడం ఏ దంపతులకైనా కష్టమే. మూడు నెలల నోట్‌బుక్ పూర్తయ్యాక నాకు మళ్లీ రాయండి, హాలు ఎంత పెద్దది తీసుకోవాలో అప్పుడు కలిసి చూద్దాం.