మామూలు కారు మీద కట్టిన ఏరో కూపేలు: అసలు గుట్టు వెనక భాగంలోనే ఉంది

మామూలు కారు ఛాసీ (అడుగు చట్రం) మీదే అంత నున్నటి కాన్సెప్ట్ కూపేలు (ప్రదర్శన కోసం చేసే రెండు తలుపుల కార్లు) చేయగలిగినప్పుడు మనకు అమ్మే కార్లు అలా ఎందుకుండవు, వెనక స్పాయిలర్ (గాలిని మళ్లించే రెక్క) పెట్టిస్తే మైలేజీ పెరుగుతుందా అని అడిగారు. నేను బెంగళూరులో కార్ల ఏరోడైనమిక్స్ సిమ్యులేషన్ పనిలో ఉన్నాను. నాకు చాలా ఇష్టమైన విషయమండి ఇది.

ఆల్ఫా రోమియో 1900 అని అప్పట్లో ఇటలీలో కుటుంబాలు కొనుక్కునే సెడాన్ ఉండేది. 1953 నుంచి 1955 మధ్య బెర్తోనే సంస్థ కోసం ఫ్రాంకో స్కాలియోనే దాని ఛాసీ మీదే బ్యాట్ 5, 7, 9 అనే మూడు కూపేలు గీశాడు. బ్యాట్ 7 డ్రాగ్ గుణకం (ఆకారం వల్ల గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.19 అని చెబుతారు. ఈనాటి మంచి సెడాన్లలో కూడా చాలావరకు అంత తక్కువకి దిగవు. ఫొటోల్లో అందరూ దాని ముక్కునే చూస్తారు. నన్నడిగితే, చూడాల్సింది లోపలికి వంపు తిరిగిన ఆ వెనక రెక్కల్ని.

కారు వెనక భాగం ఎందుకంత ముఖ్యమో మీరే చూడొచ్చు. ఊలు దారాన్ని వేలెడు ముక్కలుగా కోసి, రూఫ్ చివర నుంచి వెనక అద్దం కింది దాకా వరసగా టేపుతో అంటించండి. ఓ ఆదివారం తెల్లవారుజామున దేవనహళ్లి దాటాక హైవే మీద మా హ్యాచ్‌బ్యాక్‌కీ, ఫ్రెండ్ సెడాన్‌కీ అలాగే అంటించి, వెనక వచ్చే కారులోంచి వీడియో తీయించాం. రూఫ్ మీది దారాలు దువ్వినట్టు పడుకున్నాయి. హ్యాచ్‌బ్యాక్ అద్దం మీదవి మాత్రం నాలుగు దిక్కులా కొట్టుకున్నాయి, కొన్నయితే రూఫ్ వైపుకి లేచాయి. గాలి అక్కడ బాడీని వదిలేసి సుడి తిరుగుతోందన్నమాట. ఆ సుడిలో పీడనం తగ్గి కారుని వెనక్కి లాగుతుంది. సెడాన్ అద్దం మీద చాలా దారాలు బుద్ధిగా పడుకునే ఉన్నాయి.

గాలి వదలకుండా ఉండాలంటే రూఫ్ మెల్లగా దిగాలి. అలా దిగితే వెనక సీట్లో వాళ్ల తల తగులుతుంది, లేదా కారు పొడవు పెరుగుతుంది. మన దేశంలో 4 మీటర్లు దాటితే చిన్న కారు పన్ను రాయితీ పోతుంది, అందుకే చాలా కార్లకు వెనక భాగం నిటారుగా కోసేసినట్టుంటుంది. గాలి చిక్కుకోకుండా చక్రాలు మూసేద్దామంటే బురద, పంక్చర్ల గొడవ. రాజీ కుదిరిన కార్లూ లేకపోలేదు. 1989లో ఓపెల్ వెక్ట్రా సెడాన్ ఆధారంగా వచ్చిన కాలిబ్రా కూపే 0.26తో షోరూముల్లో అమ్ముడైంది.

ఇక స్పాయిలర్. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 50 కి.మీ. దగ్గర ఉన్నదానికి 100 దగ్గర నాలుగు రెట్లు. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ లాంటి నత్తనడక ట్రాఫిక్‌లో దాని ఊసే ఉండదు. కంపెనీ ఆ మోడల్‌కే పరీక్షించి ఇచ్చిన రూఫ్ స్పాయిలర్ అయితే హైవేలో కొంత పని చేస్తుంది. బయట షాపుల్లో అమ్మే ఎత్తైన రెక్కలు చాలావరకు డ్రాగ్‌ని పెంచేవే. ఆ డబ్బు దాచుకోండి, ఊరెళ్లొచ్చాక పైన క్యారియర్ విప్పేయండి, హైవేలో అద్దాలు మూసుకోండి. మైలేజీలో తేడా అక్కడ దొరుకుతుంది.