మందుకు తోడు తిండి

ప్రశ్న: మా తమ్ముడు హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు (వైరస్‌ను అదుపులో ఉంచేవి) వాడుతున్నాడు. కూలి దొరకని రోజున ఖాళీ కడుపుతో వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని మాత్ర మానేస్తున్నాడు. ఏం చేయాలి డాక్టరు గారూ?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: అమ్మా, తిండి లేదన్న కారణంతో మాత్ర మానవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి. ఇప్పుడు ఎక్కువ మందికి ఇస్తున్న డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రను పరగడుపున కూడా వేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలను కూడా దానితో ఒకేసారి వేసుకుంటే మాత్రం అన్నింటినీ భోజనంతో కలిపి వేసుకోవాలి. కళ్లు తిరగడం, బరువు తగ్గడం ఉంటే టీబీ, రక్తహీనత పరీక్షలు చేయించాలి.

అలాగని ఆకలిని పక్కన పెట్టలేం. హెచ్‌ఐవీ ఉన్నా లక్షణాలు లేని పెద్దవారికి 10 శాతం, ఇతర జబ్బులు తోడైతే 20 నుంచి 30 శాతం అదనపు శక్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, జొన్నరొట్టెతో చిక్కటి పప్పు, వీలైతే ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు పెట్టండి. పేద హెచ్‌ఐవీ బాధితుల కుటుంబాలను నిరుపేదల రేషన్ పథకమైన అంత్యోదయలో చేర్చేందుకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలను సవరించింది. ఆ కార్డుకు నెలకు 35 కిలోల ధాన్యం వస్తుంది. రాష్ట్ర పింఛను కూడా ఉంది. ఊళ్లో తెలుస్తుందన్న భయంతో చాలామంది అడగనే అడగరు, అది నన్ను బాధిస్తుంది; 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ తమ్ముడి వివరాలను గోప్యంగా ఉంచాలి గనుక, ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌తో ఈ రెండు దరఖాస్తుల గురించి ధైర్యంగా మాట్లాడండి.