డ్రాగన్ల పుస్తకాలూ బరంపురం ఉక్కపోతా

పిన్నిగారూ, నాకు 37 ఏళ్లు. బరంపురంలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా అమ్మాయి కోసం కొన్న ఇంగ్లీషు ఫాంటసీ నవల ఒకరోజు ఊరికే తిరగేశాను. ఇక అంతే, రెండేళ్లలో నలభై దాకా చదివేశాను. అన్నీ టీనేజీ పిల్లలవే: డ్రాగన్లు, మంత్రాల బడులు, కత్తులు తిప్పే పదహారేళ్ల అమ్మాయిలు. ఒకమ్మాయి కొప్పులో ఎముక పుల్ల గుచ్చుకుని ఉంటుంది, అవసరమైతే అదే ఆయుధం. నాకూ అలా తయారవ్వాలనిపించింది. 2,000 రూపాయలు పోసి నల్ల వెల్వెట్ క్లోక్ (భుజాల మీంచి కప్పుకునే పొడవాటి అంగీ) తెప్పించి, ఆడపడుచు కొడుకు బారసాలకు వేసుకెళ్లాను. అత్తగారు అందరి ముందూ "ఈ వయసులో ఈ వేషాలేమిటే" అన్నారు. మావారు నవ్వారు. అందరితో కలిసి, గట్టిగా. క్లోక్ బీరువాలో పడేశాను. పుస్తకాలు కూడా ఇప్పుడు ఆఫీసు డ్రాయర్‌లో దాచుకుంటున్నాను. నాకేమైనా పిచ్చా?
– ఒక పాఠకురాలు, బరంపురం

పిచ్చి కాదు తల్లీ. బరంపురంలో వెల్వెట్ వేసుకోవడం మాత్రం పిచ్చే. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఆ ఉప్పు గాలికి నూలు చీరే వీపుకి అంటుకుపోతుంది. బారసాల ఇంట్లో, జనం మధ్య, మెడ నుంచి మడమల దాకా వెల్వెట్! అత్తగారు ఆ మాట అనకముందే సగం ప్రాణం పోయి ఉంటుంది నీకు.

ముందు పుస్తకాల సంగతి. పర్లాకిమిడిలో 30 ఏళ్లు లైబ్రరీలో పనిచేసినదాన్ని. బీరువాల మీద 'నవలలు', 'భక్తి', 'పిల్లలు' అని చీటీలు రాసి జిగురుతో అంటించింది నేనే. నువ్వు చదివే టీనేజీ పుస్తకాల మీద వేసే 'యంగ్ అడల్ట్' అన్నదీ అలాంటి చీటీయే. ఇంచుమించు పన్నెండు నుంచి పద్ధెనిమిదేళ్ల వాళ్లని లెక్క. అమెరికా లైబ్రరీ సంఘం 1957లోనే ఆ పేరుతో వేరే విభాగం పెట్టింది. ఏ పుస్తకం ఎక్కడ సర్దాలో మాకు తెలియడానికే తప్ప, చదివేవాళ్ల వయసు అడగడానికి కాదు. 2012లో బౌకర్ అనే సంస్థ అక్కడే లెక్క తీస్తే, ఈ పుస్తకాలు కొనేవాళ్లలో 55 శాతం మంది 18 దాటినవాళ్లే. అందులోనూ 30 నుంచి 44 ఏళ్ల వాళ్లు ఎక్కువ. పిల్లలకేమో అనుకుంటావు కదూ? నూటికి 78 సార్లు తాము చదువుకోవడానికేనట.

మా దగ్గర చందమామ బౌండు పుస్తకాలు 'పిల్లలు' చీటీ ఉన్న బీరువాలో ఉండేవి. వాటిని వదలకుండా పట్టుకెళ్లింది ఒక రిటైరైన తాసీల్దారుగారు. రిజిస్టర్లో మనవడి పేరు రాయించేవారు. ఆ మనవడు అప్పటికి రూర్కెలాలో ఇంజనీరు. ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. కాబట్టి ఆ డ్రాయర్ ఖాళీ చేసి పుస్తకాలు ఇంటికి తెచ్చుకో.

ఇక వేషం. మీ అత్తగారిది బరంపురమే అయితే ఆ మాట అనకూడదసలు. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర వస్తే ఊళ్లో వేషాలే కదా! ఒంటినిండా రంగు పులుముకుని, చారలు దిద్దుకుని పులివేషం కట్టినవాళ్లు డప్పులకు వీధుల్లో ఆడుతుంటే, మొక్కుకున్నవాళ్లు దేవుడి వేషం కట్టుకొస్తుంటే ఆవిడా గుమ్మంలో నిలబడి చూసే ఉంటారు. ఆవిడ కోపం వేషం మీద కాదు, బారసాలలో వేషం మీద. పసివాణ్ణి చూడాల్సిన జనం నిన్ను చూశారు మరి. నేనున్నా గొణిగేదాన్నే.

నీ ఉత్తరంలో క్లోక్ గురించి రాసింది దాని ధర, రంగు. ఆ పుల్ల గురించి రాసినప్పుడు మాత్రం ముచ్చట తెలిసిపోతోంది. పర్లాకిమిడి రా. కొమ్ము పనికి పేరున్న ఊరు మాది. నా దగ్గర మా అమ్మ కొప్పుపుల్ల ఉంది. జానెడు కూడా ఉండదు. తల దగ్గర నలుపు, కొనకు వచ్చేసరికి తేనె రంగు. దీపానికి అడ్డం పెడితే కొన లోంచి వెలుతురు కనబడుతుంది. కొమ్ముని వేడి చేస్తే మెత్తబడుతుంది, అప్పుడే నొక్కి సాపు చేస్తారు. చల్లారాక కోసి, గీకి, అద్దంలా నునుపు తేలుస్తారు. వేడినీళ్లలో మాత్రం ముంచకు, వంకర పోతుంది. అప్పుడప్పుడూ చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. మొదటి వారం ఆఫీసుకి అదొక్కటే పెట్టుకెళ్లు.

భుజాల మీద కూడా ఏదో ఒకటి ఉండాలంటావా, కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత చూడు. ఆల్ చెట్టు వేరుతో అద్దిన ముదురెరుపు, కాఫీ రంగు. ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే జీఐ గుర్తింపు ఒడిశాలో మొట్టమొదట వచ్చింది దానికే, 2005లో. నూలు బట్ట, గాలాడుతుంది. వెల్వెట్టుని పారేయకు. మా పర్లాకిమిడి వైపున్న మహేంద్రగిరి కొండ ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి, పరశురాముడు తపస్సు చేసింది అక్కడేనంటారు. జనవరి తెల్లవారుజామున ఆ కొండ మీద నీ క్లోక్‌ని చూసి ఎవరూ నవ్వరు, అడిగి కప్పుకుంటారు.

మీ ఆయన్ని తీసుకెళ్లు. అత్తగారి మాట కన్నా ఆ గట్టి నవ్వే నీకు ఎక్కువ గుచ్చుకుందని నాకనిపిస్తోంది. ఆ సంగతి ఆయనకి చెప్పావా? ముందు అది చెప్పు.

మేడమ్, మా అబ్బాయికి 14 ఏళ్లు. ఫాంటసీ నవలలు చదివి సొంతంగా ఒక లిపి కనిపెట్టాడు. డైరీ అందులోనే రాస్తాడు. ఏం రాస్తున్నాడో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, రాయగడ

మీ చుట్టుపక్కల సవరలనే అడగండి, 1936లో మంగే గొమాంగో గారు వాళ్ల భాషకి ఏకంగా ఒక లిపి తయారుచేశారు. 2012లో అది కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఆ అక్షరాలు మీవాడికి చూపించండి, సంబరపడతాడు. డైరీ జోలికి మాత్రం వెళ్లకండి. అర్థం కాకూడదనే కదండీ అంత కష్టపడ్డాడు!