ఉద్యోగి చట్టం చదువుకోవాలా? హెచ్.ఆర్.ను అడిగితే సరిపోదా?

సరిపోదు. హెచ్.ఆర్. వాళ్లకు జీతమిచ్చేది యాజమాన్యం, మీరు కాదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి ఒకే సంస్థలో ఏడేళ్ల ఎనిమిది నెలలు పట్టింది.

2017లో రాజీనామా చేశాను. తుది లెక్కల కాగితం చేతికిచ్చారు. చివరి నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, అందులో క్యాంటీన్ బాకీ కోత. గ్రాచ్యుటీ, అంటే ఏళ్ల తరబడి పని చేసినందుకు మానేసేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన మొత్తం, దాని ఊసే లేదు. అడిగితే హెచ్.ఆర్. మేనేజరు ఎంతో మర్యాదగా, "అది రిటైరైన వాళ్లకండీ, మీరు రాజీనామా కదా చేసింది" అన్నారు. నేను కదలకపోయేసరికి నా నియామక పత్రం తీసి పద్నాలుగో షరతు మీద వేలు పెట్టారు. సంస్థ వదిలి వెళ్లేవారికి ఇతర చెల్లింపులేవీ ఉండవట. కింద నా సంతకమే. చేరిన రోజు నలభై పేజీలు ముందు పెట్టి, పక్కన నిలబడి, 'ఇక్కడ, ఇక్కడ' అంటూ పెట్టించిన సంతకాల్లో అదొకటి. ఆ తంతును మాత్రం ఎందుకు మాన్పించరో నాకు అర్థం కాదు.

సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది. నేను అకౌంట్స్‌లో పని చేసేవాణ్ణి. ప్రతి మార్చిలో గ్రాచ్యుటీ కేటాయింపు పద్దు రాసింది నేనే. అందులో నా డబ్బు కూడా ఉందని ఒక్కసారీ తట్టలేదు.

గుర్తింపు కార్డు అప్పగించడానికి గేటు దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ రిజిస్టరు వెతుకుతున్నాడు. పక్కనే గోడకు, క్రోటన్ కుండీ వెనకాల, అద్దం పగిలిన ఫ్రేము. లోపల వెలిసిపోయిన కాగితం, తెలుగులోనే: గ్రాచ్యుటీ చట్టం, 1972 సంగ్రహం. దాన్ని ప్రధాన ద్వారం దగ్గర, ఎక్కువమంది ఉద్యోగులకు తెలిసిన భాషలో ప్రదర్శించాలని అప్పట్లో నిబంధన ఉండేది కాబట్టి తగిలించారు. ఎవరికీ కనబడకూడదు కాబట్టి కుండీ పెట్టారు, నా అనుమానం ఇదే. వంగి చదివాను. ఐదేళ్ల నిరంతర సర్వీసు తర్వాత పదవీ విరమణ అయినా, "రాజీనామా" అయినా గ్రాచ్యుటీ చెల్లించాలి. ఫోనుతో ఫొటో తీసుకున్నాను. వాచ్‌మన్ కుండీ జరిపి సాయం చేశాడు కూడా.

ఆ రాత్రి మొత్తం చట్టం చదివాను. పద్నాలుగో షరతుకు జవాబు పద్నాలుగో సెక్షన్‌లోనే దొరికింది. చట్టానికి విరుద్ధంగా ఏ ఒప్పందం రాసుకున్నా చట్టానిదే పైచేయి. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం, నెలకు 26 రోజులు అన్నది లెక్క. నా మూల వేతనం 18,200. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 700, పదిహేను రోజులకు 10,500. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి కనుక ఎనిమిదేళ్లు. మొత్తం 84,000 రూపాయలు. గ్రాచ్యుటీ కోరే దరఖాస్తు, ఫారం ఐ నింపి, ఫొటో జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ పడుతుందని, కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళతానని ఒక్క వాక్యం రాశాను. ఇరవై ఆరో రోజున డబ్బు ఖాతాలో పడింది. సంజాయిషీ లేదు, ఉత్తరం లేదు.

ఇప్పుడు ఆఫర్ లెటర్లు చూస్తే ఒళ్లు మండుతుంది. సీటీసీలో, అంటే ఉద్యోగిపై సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, మూల వేతనంపై 4.81 శాతం గ్రాచ్యుటీ అని చూపించి జీతం పెద్దదిగా కనబడేలా చేస్తారు. మానేసే రోజున అదే అంకె గుర్తుండదు. మూల వేతనాన్ని పిసరంత ఉంచి మిగతాదంతా అలవెన్సుల్లో కలపడం మరో విద్య. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే ఆ పైది గ్రాచ్యుటీ లెక్కగట్టే వేతనంలోకే వస్తుంది. నిర్ణీత కాలపు ఒప్పందంపై పని చేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాచ్యుటీ వస్తుంది. ఈ సంగతి మీ హెచ్.ఆర్. తనంతట తాను చెబుతుందని కూర్చోకండి.

అడగవద్దని కాదు. అడగండి, కానీ ఈమెయిల్‌లో అడగండి. నోటితో నాకు "అది రిటైరైన వాళ్లకండీ" అన్న ఆ మనిషే, కాగితం మీద ఆ మాట రాసివ్వమంటే కుర్చీలోంచి లేచి టీకి వెళ్లిపోయారు.