ట్రెంథామ్ తోటకు వెళ్లేముందు

చి. సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

మా తమ్ముణ్ణీ మరదల్నీ ఇంగ్లండులో స్టోక్ దగ్గరి ట్రెంథామ్ తోటకు తీసుకెళ్తానన్నావు, సంతోషం. అక్కడ ఒకప్పటి డ్యూకుల బంగళా ఇప్పుడు లేదన్న సంగతి మాత్రం వాళ్లకి ముందే చెప్పు. పింగాణీ కార్ఖానాల ఊళ్ల మురుగంతా ట్రెంట్ నదిలో కలిసి గుమ్మం ముందుకు వచ్చేది. ఆ కంపు భరించలేక సదర్లాండ్ డ్యూకులు ఇల్లు వదిలేశారు, 1912లో కూల్చేశారు. పాత ముఖద్వారం, ఆరెంజరీ (నారింజ చెట్లు పెంచే గది) లాంటి కొన్ని ముక్కలే మిగిలాయి.

లోపలికి వెళ్లగానే పూల వెంట పడకండి. ముందు బంగళా ఉన్న వైపుకి వెళ్లి, చెరువు కేసి తిరిగి నిలబడండి. 1830లలో వాస్తుశిల్పి చార్లెస్ బ్యారీ ఈ ఇటాలియన్ తోటని ఇంట్లోంచి చూసేవాళ్ల కోసం గీశాడు. అంతస్తులుగా దిగే పూలమళ్లు, చివర మెడూసా అనే రాక్షసి తల పట్టుకున్న గ్రీకు వీరుడు పెర్సియస్ విగ్రహం, దాని వెనక తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ తీర్చిన మైలు పొడవు చెరువు, అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. చెరువు గట్టు నుంచి మొదలుపెడితే ఈ పొందిక పట్టుబడదు.

2004 ప్రాంతంలో తోటని బాగుచేసినప్పుడు తోటల రూపశిల్పి టామ్ స్టువర్ట్-స్మిత్, బ్యారీ గీతలు చెరపకుండా, మళ్లలో మాత్రం ఏటా మళ్లీ చిగిర్చే మొక్కలూ గడ్డిజాతులూ నింపాడు. అది సరైన పనే. పక్కనే డచ్ తోటల రూపశిల్పి పీట్ ఔడాల్ఫ్ వేసిన మళ్లలో పూలు భుజాల దాకా లేస్తాయి. మొలీనియా గడ్డి దగ్గర కాస్త వంగి చూడమను: దారాల్లాంటి కాడలు, వాటి చివర నూకల్లాంటి గింజలు, వెనక ఎండ పడితే ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తుంది.

అందుకే ఎప్పుడు వెళ్తారన్నది ముఖ్యం. ఎండిన కాడల్ని చలికాలమంతా అలాగే ఉంచి, చివర్లో నేలమట్టానికి కోసేస్తారు. మార్చిలో వెళ్తే ఆ మళ్లలో మట్టే ఎక్కువ. జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా మంచి అదను. గడ్డి బంగారు రంగు తిరగడం చూడాలంటే అక్టోబరు.

చెరువు చుట్టూ దారి రెండు మైళ్లు. తమ్ముడి మోకాళ్లకి అది గంటన్నర పని, కాబట్టి పూలమళ్లు పొద్దున్నే చూసేసి, భోజనం చేశాక చెరువు వైపు కదలండి. చీర కుచ్చిళ్లు తడి గడ్డికి తగులుతాయి, మరదల్ని పంజాబీ డ్రెస్, బూట్లు వేసుకోమను. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న వాన కోటు మేలు. పక్కనున్న మంకీ ఫారెస్ట్‌కి (కోతుల వనానికి) టికెట్ వేరు, దాన్ని ఇంకో రోజుకి పెట్టుకో.

పెదనాన్న