పాత ఫోన్‌లో లీనియేజ్‌ఓఎస్ వేయించవచ్చా?

ప్రశ్న: మేము 2017లో కొన్న రెడ్‌మీ నోట్ 4 ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. అయితే ఆండ్రాయిడ్ 7 దగ్గరే ఆగిపోవడం వల్ల కొన్ని యాప్‌లు అందులో ఎక్కడం లేదు. లీనియేజ్‌ఓఎస్ అనే మరో ఆండ్రాయిడ్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి గంటలో ఇచ్చేస్తామని శ్రీకాకుళంలోని ఒక దుకాణంవారు అంటున్నారు. మా నాన్నగారికి జీడిపప్పు బేరాల డబ్బు ఈ ఫోన్‌లోని యూపీఐకే వస్తుంది. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: వేయించవచ్చునమ్మా, కానీ మీ నాన్నగారి యూపీఐని వేరే ఫోన్‌లోకి మార్చిన తర్వాతే. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలంటే కంపెనీ వేసిన తాళాన్ని, అంటే బూట్‌లోడర్‌ను, ముందుగా తెరవాలి. అలా తెరవగానే ఫోన్‌లోని ఫొటోలు, సందేశాలతో సహా సమస్తం చెరిగిపోతుంది. అది బ్యాకప్‌తో తీరే సమస్యే. తీరనిది మరొకటి ఉంది. తాళం తెరిచిన ఫోన్‌ను, ఫోన్ నమ్మదగినదా అని చూసే గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ తనిఖీ గుర్తిస్తుంది కనుక, దానిపై ఆధారపడే బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. ఈ రోజు తెరుచుకున్నవి రేపటి అప్‌డేట్‌తో ఆగిపోవచ్చు. బస్తాలు లారీకి ఎక్కుతున్న వేళ డబ్బు పడిందో లేదో చూసుకోలేని స్థితి మీ నాన్నగారికి రాకూడదు.

గంటలో ఇస్తామన్న మాటను నేను నమ్మలేను. రెడ్‌మీ తయారీదారు షావోమీ ఫోన్ల తాళం తెరవడానికి ఆ కంపెనీ ఖాతాతో అనుమతి కోరి, సాధారణంగా కొన్ని రోజులు, చాలాసార్లు 168 గంటలు, వేచి ఉండాలి. మీ ఫోన్ తాళం ఇంతకుముందే తెరిచి ఉందా, లేకుంటే ఏ పద్ధతిలో తెరుస్తారు అని దుకాణంవారిని సూటిగా అడగండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది ఫోన్‌లో ఎక్కించే లీనియేజ్‌ఓఎస్ ఫైలు ఎంపికలో. రెడ్‌మీ నోట్ 4 అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫోన్లు వచ్చాయి. 2016లో చైనాలో విడుదలైన దానిలో మీడియాటెక్ చిప్ ఉంటుంది, దాని సంకేతనామం నికెల్. 2017 జనవరిలో మన దేశానికి వచ్చిన దానిలో స్నాప్‌డ్రాగన్ 625 ఉంటుంది, దాని సంకేతనామం మిడో. ఒకదాని ఫైలును మరొకదానిలో బలవంతంగా ఎక్కిస్తే ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు. ఇక్కడి దుకాణంలో కొన్నదైతే మీది మిడోయే. ఫైలు పేరులో ఆ మాట ఉన్నదో లేదో కళ్లారా చూడండి.

2016 డిసెంబరులో సయనోజెన్‌మాడ్ అనే ఇలాంటి ఆండ్రాయిడ్ ఆపరేటింగ్ సిస్టమ్ మూతపడ్డాక స్వచ్ఛంద కార్యకర్తలు కొనసాగించినదే లీనియేజ్‌ఓఎస్. అందులో ప్లే స్టోర్ ముందుగా ఉండదు. గూగుల్ యాప్‌ల ప్యాకేజీని మొదటిసారి ఆన్ చేయకముందే ఎక్కించాలి. తెర అంచు ఎక్కడైనా పైకి లేచి కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు ఈ ప్రయత్నం మాని ముందు బ్యాటరీ మార్పించండి.

ఫోన్ అప్పగించే ముందు *#06# నొక్కి, తెరపై కనిపించే రెండు ఐఎంఈఐ నంబర్లను (ఫోన్‌ను గుర్తించే సంఖ్యలను) కాగితంపై రాసుకోండి. ఆ నంబర్లు ఉండే ఈఎఫ్ఎస్ భాగానికి కూడా బ్యాకప్ తీయమని చెప్పండి. పని పూర్తయ్యాక మళ్లీ నొక్కి, అవే అంకెలు వచ్చాయని సరిచూసుకుని, రెండు సిమ్‌ల నుంచీ కాల్ చేసి మాట్లాడిన తర్వాతే డబ్బు చెల్లించండి.